దుబాయి బొమ్మ ధర ఎంత?

– బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి, ముప్కాల్

మా ముప్కాల్‌లో దుబాయి నుంచి మనిషి వచ్చిండంటే ఆ సంగతి పెద్దల కంటె ముందు పిల్లలకు తెలుస్తుంది. శంషాబాదు నుంచి వచ్చే కారు నెత్తి మీద తాళ్ళతో బిగించిన అట్టపెట్టె ఉంటుంది. దాని మీద నల్ల మార్కరుతో పేరు, ఊరు, ఫోను నంబరు రాసి ఉంటాయి. కారు పెద్దరోడ్డు దిగి ఊళ్ళోకి మళ్ళిందో లేదో వెనక పదిమంది పిల్లలు ఉరుకుతారు. ఆ పదిమందిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

2011లో మా చిన్నాయిన వచ్చినప్పుడు నాకు ఆరేండ్లు. వాకిట్లో చాప పరిచి అందరి ముందట పెట్టె కోసిండు. బ్లాంకెట్లు, టైగర్ బామ్, ట్యాంగ్ డబ్బా, అత్తరు సీసాలు ఒక్కొక్కటే బయటికి వచ్చినయి. అన్నిటికీ అడుగున ఎర్ర కారు. రిమోటు నొక్కితే నడిచే కారు. దాని చార్జరు ప్లగ్గుకు మూడు చదరపు కాళ్ళు ఉన్నయి. మా గోడకున్న సాకెట్టులో ఎంత నెట్టినా పట్టలేదు. చిన్నాయిన ఆ ప్లగ్గును కోసిపారేసి మన ప్లగ్గు బిగించిండు. కారు వాకిలంతా తిరిగింది. "ఇక్కడైతే దీనికి డబులు పైసలు వదిన! అక్కడ అన్నీ అగ్గువ" అన్నాడు మా అమ్మతో. ఆ మాట అందరూ నమ్మినారు. నేనూ నమ్మిన.

పది రోజులకు బాపుతో నిజామాబాదు పోయిన. ఒక బొమ్మల దుకాణం ముందట అదే కారు, అదే ఎరుపు, అదే డబ్బాలో కనిపించింది. బాపు లోపలికి పోయి ధర అడిగిండు. చిన్నాయిన చెప్పిన ధరకు ఇరవై రూపాయలు అటో ఇటో! బాపు బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకొని కొంత దూరం నడిచినంక, "మీ చిన్నాయినకు చెప్పకు" అన్నాడు. నేను చెప్పలేదు. ఈ వ్యాసం అచ్చయినాక ఆయనే చదువుకుంటాడు.

ఇక 2024 సంగతి. ఆ యేడు దసరా ముందు దుబాయి నుంచి మా బావ ఫోను చేసిండు. ఆయన అక్కడ షట్టరింగు పని చేస్తాడు. రెండేండ్ల తరువాత సెలవు దొరికింది. "బామ్మర్దీ! పోరనికి రిమోటు కారు కొంటున్న. ముప్పై ఐదు దిర్హాములు. గదే కారు నిజామాబాద్‌ల ఎంత ఉన్నదో సూసి చెప్పు" అన్నాడు. నేను పోయి చూసి వచ్చిన. పద్నాలుగు వందలు! అప్పటి మారకంలో ముప్పై ఐదు దిర్హాములంటే ఎనిమిది వందల రూపాయలకు దగ్గర. ఈసారి చిన్నాయిన మాట నిజమే అయింది.

బావ అక్కడితో ఆగలేదు. "అట్లయితే పది కార్లు తెస్త. మనోళ్ళకు పన్నెండు వందలకు ఇచ్చినా ఒక్కో దాని మీద నాలుగు వందలు మిగుల్తయి. వీసా అప్పు మిత్తి రెండు నెలలది ఎల్లిపోతది. ఏమంటవ్? నువ్వు సదువుకున్నోనివి కదా!" అన్నాడు.

నేను చదివేది ఎం.పి.సి. కస్టమ్సు సంగతి మా సిలబస్‌లో లేదు. కాని బావ అడిగినాక తెలుసుకోక తప్పలేదు. 2011లో లేని తేడా 2024లో ఎక్కడినుంచి వచ్చింది? దాన్ని ఆసరా చేసుకొని బావ నాలుగు పైసలు సంపాదించుకుంటే తప్పా? తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను. గల్ఫులో మనిషి లేని ఇల్లు మన జిల్లాలో తక్కువ గనుక ఇది నా ఒక్కడి సంగతే కాదనుకుంటాను.

ఒకే ఓడ, రెండు రేవులు

మొదట గమనించవలసిన విషయం – దుబాయి బొమ్మ దుబాయిలో తయారు కాదు. డబ్బా తిప్పి చూస్తే దాదాపు ప్రతిసారీ చైనా పేరే కనిపిస్తుంది. ఆ దేశం దక్షిణ తీరంలో శాంతౌ అనే రేవు పట్నం ఉంది. అందులోని చెంఘాయ్ అనే ప్రాంతం ప్రపంచంలోనే పెద్ద బొమ్మల తయారీ కేంద్రాలలో ఒకటి. అక్కడ అచ్చయిన కారు ఓడ ఎక్కి దుబాయిలోని జెబెల్ అలీ రేవుకు పోవచ్చు, మన దేశపు రేవుకూ రావచ్చు. 2004లో దుబాయిలో తెరిచిన డ్రాగన్ మార్ట్ పూర్తిగా చైనా సరుకుల కోసం కట్టిన బజారే. మన వాళ్ళు సెలవు దినాన బస్సెక్కి పోయేది అక్కడికే.

చైనాలో బొమ్మ ఎందుకు అగ్గువ? కూలి ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కీలకం అచ్చులో ఉంది. కరిగిన ప్లాస్టిక్కును ఉక్కు అచ్చులోకి వత్తిడితో పంపి, చల్లార్చి తీస్తారు. ఆ అచ్చు చేయించడానికి పది లక్షలు అయ్యిందనుకుందాం. పదివేల కార్లు తీస్తే ఒక్కో కారు మీద అచ్చు ఖర్చు 100 రూపాయలు పడుతుంది. పది లక్షల కార్లు తీస్తే ఒక్క రూపాయే. మన ఊళ్ళలో వరికోత మిషను లెక్క ఇదే కదా! ఒక్క ఎకరం కోసం ఎవడూ మిషను కొనడు. ఊరంతా కోస్తేనే గిట్టుబాటు. ప్రపంచమంతటికీ అమ్మేవానికి అచ్చు ఖర్చు ఉన్నట్టే తెలియదు. ఒక జిల్లాకో రాష్ట్రానికో అమ్మేవానికి అదే నడ్డి విరుస్తుంది.

అయితే అచ్చు అగ్గువ అయినంత మాత్రాన దుబాయికి, నిజామాబాదుకు తేడా రావద్దు. ఇద్దరికీ కారు ఒకే ధరకు వస్తుంది కదా. తేడా రేవు గేటు దగ్గర పుడుతుంది.

మూడు కాలాలు

మన దేశంలో విదేశీ బొమ్మ మూడు కాలాలు చూసింది.

మొదటిది దొరకని కాలం. విదేశీ వినియోగ వస్తువుల దిగుమతి మీద సర్కారు గట్టి ఆంక్షలు పెట్టిన రోజులవి. రైలెక్కి బొంబాయి పోయి, అక్కడినుంచి విమానమెక్కిన మొదటి తరం మనుషులు తెచ్చిన టేపురికార్డరు, కీ ఇస్తే గంతులేసే కోతి, కండ్లు మూసి తెరిచే బొమ్మ చూడటానికి జనం వచ్చేవారని మా నాయినమ్మ చెబుతుంది. అప్పుడు ప్రశ్న అగ్గువా పిరమా అని కాదు. ఆ వస్తువు ఇక్కడ లేనే లేదు.

రెండవది జాతర కాలం. దిగుమతి సరుకు ఇంత పరిమాణం మించరాదన్న ఆంక్షలలో మిగిలినవాటిని 2001 ఏప్రిల్ 1 నుంచి ఎత్తేశారు. ఆ పైన చైనా బొమ్మలు వరదలా వచ్చినయి. పండుగ అంగట్లో, జాతరలో, బస్టాండు ముందట తోపుడుబండి మీద అవే. 2009 జనవరిలో చైనా బొమ్మల దిగుమతిని ఆరు నెలల పాటు నిషేధించారు గాని, భద్రతా పరీక్షల సర్టిఫికెట్టు ఉన్నవాటికి ఆ మార్చిలోనే సడలింపు ఇచ్చారు. ఆ కాలంలో బొమ్మల మీద ప్రాథమిక కస్టమ్సు సుంకం 10 శాతమే. చిన్నాయిన ఎర్ర కారు ఈ కాలానిది. అందుకే దానికి, నిజామాబాదు కారుకు తేడా లేకపోయింది. పాపం, ఆయన మనసులో మాత్రం మొదటి కాలమే నడుస్తున్నది!

మూడవది గోడ కాలం. 2018 బడ్జెట్టులో 10 శాతం సుంకం 20 అయింది. 2020 ఫిబ్రవరిలో ఒక్క దెబ్బకు 60 అయింది. 2023 బడ్జెట్టులో 70 అయింది. అంతేకాదు, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. విదేశీ ఫ్యాక్టరీ అయినా సరే, మన బి.ఐ.ఎస్. లైసెన్సు తీసుకోవలసిందే.

ఇది ఒట్టి మాటల గోడ కాదు, పని చేసిన గోడ. 2018–19లో 37 కోట్ల డాలర్లకు పైగా ఉన్న బొమ్మల దిగుమతి 2021–22 నాటికి 11 కోట్ల డాలర్లకు పడిపోయింది. అదే సమయంలో మన దేశం నుంచి బయటికి పోయే బొమ్మలు పెరిగినయి.

కాగితం మీద లెక్క

ఇప్పుడు బావ కారును కాగితం మీద నడిపిద్దాం. అంకెలు 2024 నాటివి. రేవుకు చేరేసరికి కారు విలువ 500 రూపాయలు అనుకుందాం. వ్యాపారుల లాభం, కిరాయిలు అన్నీ కలిపి రెండు చోట్లా 40 శాతం అనుకుందాం. సర్‌చార్జీల వంటి చిల్లర లెక్కలు వదిలేస్తున్నాను.

దుబాయిలో: గల్ఫు దేశాల ఉమ్మడి కస్టమ్సు సుంకం 5 శాతం, అంటే 25 రూపాయలు. మొత్తం 525. దాని మీద వ్యాపారి 40 శాతం 210. మొత్తం 735. అక్కడ 2018 జనవరి 1 నుంచి అమలైన వ్యాటు 5 శాతం కలిపితే సుమారు 772 రూపాయలు.

నిజామాబాదులో: సుంకం 70 శాతం, అంటే 350 రూపాయలు. మొత్తం 850. దాని మీద వ్యాపారి 40 శాతం 340. మొత్తం 1,190. బ్యాటరీతో నడిచే బొమ్మ గనుక జి.ఎస్.టి. 18 శాతం. కలిపితే సుమారు 1,404 రూపాయలు.

ఇందులో ఒక విశేషం ఉంది. రేవు గేటు దగ్గర రెండు సుంకాలకు తేడా 325 రూపాయలే. కాని కొట్టు బల్ల మీదికి వచ్చేసరికి తేడా 632 అయింది. ఎందుకు? వ్యాపారి తన శాతాన్ని సుంకం కలిసిన ధర మీద వేసుకుంటాడు. సర్కారు తన జి.ఎస్.టి.ని ఆ రెండూ కలిసిన ధర మీద వేస్తుంది. శాతం మీద శాతం, దాని మీద మళ్ళీ శాతం. వడ్డీ మీద వడ్డీ తెలిసిన రైతుబిడ్డకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

(2025 సెప్టెంబరు 22 నుంచి బ్యాటరీ లేని మామూలు బొమ్మల మీద జి.ఎస్.టి.ని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. బావ కారు ఆ కోవలోకి రాదు.)

సంచీలో తెస్తే

మరి బావ సంచీలో వచ్చే కారు ఈ గోడను ఎట్లా దాటుతుంది? దొంగతనంగా కాదు, దర్జాగానే దాటుతుంది. ప్రయాణికుని సామానుకు వేరే నియమాలు ఉన్నాయి. 2016 నాటి బ్యాగేజీ రూల్సు ప్రకారం గల్ఫు నుంచి వచ్చే మనవాళ్ళు 2024లో 50,000 రూపాయల విలువ దాకా సామాను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. బంగారం, సిగరెట్లు, మందు వంటివాటికి లెక్క వేరు. ఆ పరిమితి దాటిన విలువ మీద అప్పుడు పడే సుంకం, సర్‌చార్జీతో కలిపి 38.5 శాతం. అది కట్టినా బావ కారు 1,069 రూపాయలే అవుతుంది. అప్పటికీ నిజామాబాదు కంటె అగ్గువే! ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి ఎవరైనా సరే, ప్రయాణానికి ముందు అప్పటి రూలు చూసుకోవాలి.

పార్శిలులో పంపితే కాదా అని మా అక్క అడిగింది. ఒకప్పుడు అయ్యేది. 5,000 రూపాయల లోపు కానుకలు పోస్టులోనో కొరియరులోనో వస్తే సుంకం ఉండేది కాదు. కొన్ని విదేశీ అమ్మకపు కంపెనీలు మామూలు సరుకునే కానుక అని రాసి పంపటం మొదలు పెట్టినయి. దానితో 2019 డిసెంబరులో ఆ సౌకర్యం ఎత్తేశారు. ప్రాణం నిలిపే మందులకు, రాఖీలకు మాత్రం మినహాయింపు మిగిలింది. అన్నకు చెల్లెలు పంపే దారాన్ని సర్కారు వదిలింది గాని, కొడుకుకు తండ్రి పంపే కారును వదలలేదన్న మాట! మా అక్కకు ఇది చెబితే నవ్వింది. తరువాత కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక అసలు చిక్కు. బావ తేదలచిన పది కార్ల విలువ ఎనిమిది వేలు. 50,000 ఎక్కడ, ఎనిమిది వేలు ఎక్కడ? ఇంకేమి భయం? ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ మినహాయింపు విలువను బట్టి మాత్రమే కాదు, ఉద్దేశాన్ని బట్టి కూడా. సొంతానికి వాడుకునేవి, మనవాళ్ళకు కానుకగా ఇచ్చేవి మాత్రమే సామాను అనిపించుకుంటాయి. ఒకే రకం కార్లు పది ఒకే పెట్టెలో ఉంటే దాన్ని వ్యాపార సరుకు అనటానికి అధికారికి ఎక్కువ ఆలోచన అక్కర లేదు. సరుకు జప్తు చెయ్యవచ్చు, జరిమానా వెయ్యవచ్చు. పైగా ఐ.ఎస్.ఐ. గుర్తు లేని బొమ్మను ఇక్కడ అమ్మటం వేరే తప్పు.

ఒక్క కారు తెస్తే తండ్రి. పది తెస్తే వ్యాపారి. చట్టం దృష్టిలో ఈ రెంటికీ నడుమ ఉన్న గీతను బావకు ఫోనులో చెప్పిన. "నాలుగు వేల కోసం గింత కథనా!" అన్నాడు. ఆయన దినకూలి 40 దిర్హాములు, అంటే అప్పటి మారకంలో 900 రూపాయల పైన. నాలుగు వేలంటే నాలుగున్నర దినాల పని. విమానాశ్రయంలో పట్టుబడితే పోయేది అంతకంటె ఎక్కువ. బావ లెక్క వేసుకున్నాడు. "సరే, ఒక్కటే తెస్త" అన్నాడు.

గుర్తు చూసి కొనాలి

ఒక్కటే తెచ్చినా ఏది తేవాలో చెప్పటం నా వంతు. ఇక్కడ నా కెమిస్ట్రీ కొంత పనికి వచ్చింది.

పచ్చ, ఎరుపు, నారింజ రంగులు మెరవటానికి ఒకప్పుడు సీసం కలిసిన రంగులు విరివిగా వాడేవారు. చిన్నపిల్లలు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. సీసం ఎదిగే మెదడుకు విషం. ఒంట్లో కొద్దిగా చేరినా చదువు మీద, బుద్ధి మీద దెబ్బ కొడుతుంది. మన బి.ఐ.ఎస్. ప్రమాణం ఐ.ఎస్. 9873 ప్రకారం బొమ్మల రంగునుంచి ఊడివచ్చే సీసం కిలోకు 90 మిల్లీగ్రాములు మించకూడదు. 2019లో భారత నాణ్యతా మండలి దిగుమతి బొమ్మలను పరీక్షిస్తే దాదాపు మూడింట రెండు వంతులు తప్పినయి. కాబట్టి ఐ.ఎస్.ఐ. గుర్తు పెట్టటం వ్యాపారులను వేధించటానికే అనటం సరికాదు.

రెండవది గుండీ బ్యాటరీ. రిమోటులో, పాట పాడే బొమ్మలో బొత్తం అంత ఉంటుంది. పిల్లవాడు మింగితే అది ఆహారనాళంలో ఇరుక్కుంటుంది. అక్కడి తడిలో కరెంటు ప్రవహించి విద్యుద్విశ్లేషణ జరుగుతుంది. ఒక కొసన క్షారం పుట్టి కండను కాల్చుతుంది. రెండు గంటల్లోనే పెద్ద పుండు కావచ్చు. మన ప్రయోగశాలలో ఉప్పునీళ్ళలో కరెంటు పంపి చూసిన చర్యకు ఇది దగ్గరి చుట్టమే. అందుకే మంచి బొమ్మకు బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉంటుంది. వేలితో ఊడే మూత ఉన్న బొమ్మ ఎంత అగ్గువైనా కొనవద్దు. పిల్లవాడు మింగిండని అనుమానం వస్తే ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

అయితే దుబాయి బొమ్మలన్నీ చెడ్డవనటం కూడా అన్యాయమే. గల్ఫు దేశాలు కూడా బొమ్మలకు భద్రతా గుర్తు పెట్టుకున్నాయి. డబ్బా మీద ఇంగ్లీషు 'జి' అక్షరం గుర్తు ఉంటుంది. "బావా, జి గుర్తు చూడు, మూతకు స్క్రూ ఉన్నదా చూడు, బిల్లు పారేయకు" అని మూడు మాటలు చెప్పిన.

గోడకు ఇవతల, అవతల

ఇంతదాకా చెప్పింది విన్న నా మిత్రుడొకడు, "మన సర్కారు మన పిల్లల బొమ్మల మీద ఇంత సుంకం వేయటం దోపిడీ కాదా?" అన్నాడు. నేను కూడా మొదట అట్లాగే అనుకున్నాను. కాని ఆ మాట మా ఇంట్లో అనటానికి నోరు రాలేదు.

మాది పసుపు పండించే ఇల్లు. పసుపు కొమ్ము ఉడకబెట్టి, ఆరబోసి, నిజామాబాదు మార్కెట్టు యార్డుకు తోలిన ప్రతి యేడూ బాపు ఒకే మాట అంటాడు – "బయటి దేశం పసుపు రానియ్యొద్దు, వస్తే మన ధర పడిపోతది." ఆర్మూరు, బాల్కొండ రైతులు ఎన్నో ఏండ్లు రోడ్డెక్కి పసుపు బోర్డు అడిగినారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. బాపు అడిగే గోడ పసుపుకు. కొండపల్లిలోనో నిర్మలలోనో బొమ్మలు చెక్కేవాడు, ఢిల్లీలో ప్లాస్టిక్కు అచ్చు నడిపేవాడు అడిగే గోడ బొమ్మకు. రెండూ ఒకే గోడ. అమ్మేటప్పుడు గోడ కావాలంటాం, కొనేటప్పుడు గోడ వద్దంటాం. నేను ఏ పక్కన నిలబడాలి?

నాకు తోచిన జవాబు ఇది. గోడ తప్పు కాదు. కాని గోడ కట్టినంత మాత్రాన లోపల పంట పండదు. మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీనే చూడండి. 1937లో నిజాం కాలంలో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. 2015లో చక్కెర దిగుమతి సుంకాన్ని 25 నుంచి 40 శాతానికి పెంచినారు. ఆ యేడు డిసెంబరులోనే బోధన్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. సుంకం విదేశీ చక్కెరను ఆపగలదు గాని, చెరుకు తోటను పెంచలేదు, పాత మిషన్లను మార్చలేదు. బొమ్మల గోడ లోపల కూడా అచ్చులు చేసే పనితనం, పరీక్షించే ప్రయోగశాలలు, చేతిపనివానికి పెట్టుబడి పెరగాలి. అవి పెరగకపోతే పిల్లల తండ్రులు పిరం ధర కడుతూనే ఉంటారు, పనివాని బతుకు మాత్రం మారదు.

మా ఊరినుంచి ఉత్తరానికి పోయి సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల. అక్కడి నకాషీ కుటుంబాలు తేలికైన పొణికి కట్టెతో పండ్లు, పక్షులు, జంతువులు చేస్తారు. 2009లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఐ.ఎస్.ఐ. గుర్తు నిబంధన నుంచి నమోదైన చేతిపనివారికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు 2020 డిసెంబరులో మినహాయింపు ఇచ్చారు. మంచి పనే. కాని ఆ బొమ్మ కూడా అగ్గువ కాదు. దానికి అచ్చు లేదు. పదవ చిలుకకు కూడా మొదటి చిలుకకు పట్టినంత పొద్దే పడుతుంది. పొణికి కట్టె దొరకటం కూడా కష్టమైపోయింది. పది లక్షల కార్లకు పంచిన అచ్చు ఖర్చుతో ఒక మనిషి వేళ్ళు పోటీ పడలేవు. ఆ బొమ్మను ఆటబొమ్మ ధరతో కాక, పనివాని దినకూలితో కొలిచి కొనాలి. గాజు అల్మారాలో పెట్టుకునే ఇండ్లవాళ్ళు ఇప్పటికీ కొంటున్నారు. ఆడుకునే పిల్లలకు అందటం లేదు.

లెక్కకు రానిది

మిత్రులారా! విదేశం నుంచి బొమ్మ తెచ్చుకోవద్దని నేను చెప్పటం లేదు. తెచ్చుకునేవారు ఒకటో రెండో తెచ్చుకోండి. బిల్లు దాచుకోండి. గుర్తు చూడండి. బ్యాటరీ మూత చూడండి. అమ్మకానికి తేకండి. అప్పు మిత్తి బాధలో ఉన్న మనిషికి ఎవడో "పది తే, మిగుల్తయి" అని చెబుతాడు. పట్టుబడిన నాడు ఆ చెప్పినవాడు పక్కన ఉండడు. మన ఊళ్ళనుంచి పోయేవాళ్ళకు ఈ నాలుగు మాటలు చెప్పటం చదువుకుంటున్న మన పని. నిజంగా ధర తేడా ఉన్నదో లేదో, మా బాపు లాగా ఒక్కసారి నిజామాబాదు దుకాణంలో అడిగి చూసుకోండి. ఒక కాలంలో నిజమైన మాట ఇంకో కాలంలో నిజం కాకపోవచ్చు.

ఇంకొక అంకె కూడా నా లెక్కలోకి రాలేదు. దుబాయిలో బొమ్మ 772, ఇక్కడ 1,404. తేడా 632 రూపాయలు. ఇది బావ అక్కడ ఉన్నాడు కాబట్టి మిగిలిన డబ్బు. ఆయన అక్కడ ఉన్నందుకు మా అక్క ఇంట్లో పోయిన దాన్ని ఏ ఖాతాలో రాయాలో నాకు ఇంకా తెలియదు.

బావ దసరాకు రెండు రోజుల ముందు వచ్చిండు. శంషాబాదులో ఎవరూ ఆపలేదు. పెట్టెలో ఒక్కటే కారు. నీలం రంగుది, జి గుర్తు ఉన్నది, మూతకు స్క్రూ ఉన్నది. చార్జరు ప్లగ్గుకు అవే మూడు చదరపు కాళ్ళు. చిన్నాయిన వచ్చి నవ్వుకుంటూ దాన్ని కోసి మన ప్లగ్గు బిగించిండు. బావ పోయిన్నాడు మా మేనల్లునికి యేడాది నిండలేదు. తండ్రిని వాడు ఫోనులోనే చూసిండు. కారు దగ్గరికి పోవటానికి వానికి రెండు నిమిషాలు పట్టింది. బావ ఒళ్ళోకి పోవటానికి రెండు రోజులు పట్టింది.